ముఖం చూడని దోస్తులు

నేను షోలాపూర్‌లోని కుంఠా నాకా చేరేసరికే పోలీసు ఫౌజ్‌దార్ అంబాదాస్ కేసు తేల్చేసి, నర్సప్ప ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి కప్పు కింద పెట్టలేదు.

"సిద్ధరాములు సాబ్, ఇంత ఎండల మీకెందుకు తక్లీఫ్? మనిషిని చౌకీల కూసోపెట్టిన. సాయంత్రం కోర్టుకు తీస్కపోత. బస్, ఖతం," అన్నాడు.

తక్లీఫ్ నిజంగానే ఉంది. యాభై ఆరేళ్ల వయసులో, వాచిన మోకాలితో, భవాని పేట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నవాడికి మా ఊళ్లో దొరికే పని ఇల్లు వదిలిపోయిన మొగుళ్లను వెతకడం, పెళ్లికొడుకు తాగుతాడా లేదా అని ఆరా తీయడం. హత్యలు నాకు ఇష్టం ఉండవు. ఒప్పుకోనని చెప్పడానికే పొద్దున నోరు తెరిచాను. కానీ ఎదురుగా నిలబడ్డ నర్సప్ప భార్య ద్రౌపది కాళ్లకు చెప్పులు కూడా లేవు. "మా ఆయన నోరు తెరుస్తలేడు కాకా. జర తెరిపియ్యి," అని ఒక్క మాట అంది. నేను సైకిల్ తాళం తీసుకున్నాను.

సంగతి ఇది. నర్సప్పకు నాలుగు మరమగ్గాలున్నాయి, తువ్వాళ్లు నేయిస్తాడు. బయటి ఊళ్ల వ్యాపారులకు ఈమెయిళ్లు పంపాలని నవీ పేట్‌లోని ఇంటర్నెట్ కెఫేకు వెళ్లడం మొదలుపెట్టి, అక్కడ పోకర్ ఆడేవాళ్ల ఫోరంలో పడ్డాడు. పోకర్ అంటే మన మూడు ముక్కలాటకు పెద్దన్న లాంటిది. చేతిలో ఏముందో ముఖంలో కనపడనివ్వకపోవడమే అందులో నేర్పు. కంప్యూటర్లో ముఖమే కనపడదు గనక నర్సప్ప అక్కడ ఎదురు లేని ఆటగాడు. తనకు తానే షోలాపూర్ కింగ్ అని పేరు పెట్టుకున్నాడు.

రెండేళ్లలో ఆ ఫోరంలో ముగ్గురు తెలుగువాళ్లు అతనికి ప్రాణస్నేహితులయ్యారు. నిజామాబాద్‌లో మందుల దుకాణం నడిపే బాలకిషన్, పుణేలో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే శ్రీహరి, వరంగల్‌లో లెక్కల లెక్చరర్ గంగాధర్. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చుని ఆడదామని అనుకున్నారు, నర్సప్ప తన ఇంటికే రమ్మన్నాడు. ముగ్గురూ మొన్న వచ్చారు. నిన్న మధ్యాహ్నం అగ్గిపుల్లలు పందెం పెట్టి ఆట మొదలుపెట్టారు. నాలుగు దాటాక చూస్తే బాలకిషన్ ఇంటి పక్కనున్న నూలు గోదాంలో తల పగిలి పడి ఉన్నాడు. అప్పటికే ప్రాణం పోయింది.

అంబాదాస్ దగ్గర నర్సప్ప మీద రెండు ఆధారాలున్నాయి. ఒకటి, నాలుగు కావస్తుండగా బాలకిషన్ లేచి, నర్సప్ప దొంగాట ఆడుతున్నాడని గల్లీ అంతా వినపడేలా అరిచాడు. రెండు, ఎదురింటి యల్లమ్మ సాక్ష్యం.

అగ్గిపుల్లల కోసం ఎవరైనా చంపుతారా అని అడిగాను.

"పుల్లల కోసం సంపరు. పరువు కోసం సంపుతరు. మన పేటల్ల పుట్టిన మీకు నేను చెప్పాల్నా?" అన్నాడు. మాట బాగానే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

యల్లమ్మ గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే నేను అడిగినవన్నీ చెప్పింది. బాలకిషన్ అరుపు విన్నదట. ఆ తర్వాత కాసేపటికి, నాలుగు గంటల మిల్లు భోంగా, అదే సైరన్, మోగుతుండగా, నర్సప్ప గోదాంలోకి పోవడం చూసిందట. ముఖం చూశావా అని అడిగితే ఆమెకు కోపం వచ్చింది.

"ఈపు సూసిన. పదేండ్ల సంది రోజు సూసే మనిషిని ఈపు సూస్తె గుర్తువట్టనా? అబద్ధం చెప్పెటందుకు నర్సప్ప నాకు పగోడా? పొద్దున్నుంచి ఏడుస్తనే ఉన్న," అంది. నిజమే, కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇలాంటి సాక్షిని కోర్టులో ఏ వకీలూ కదిలించలేడు. నాకు అప్పుడే ఇంటికి వెళ్లి పడుకోవాలనిపించింది.

గోదాం చూశాను. ఇరుకు గది, కిటికీ లేదు, పగలే మసకగా ఉంది. ఒక పక్క నూలు మూటలు, ఇంకో పక్క అతిథుల సంచులు. బాలకిషన్ సంచి సగం సర్ది ఉంది. అంటే అలిగి ఊరికి వెళ్లిపోవడానికి సామాను సర్దుకుంటూ, గోడ వైపు వంగి ఉండగా దెబ్బ పడింది. కొట్టిన ఇనుప పైపు గోదాంలోదే, పోలీసులు పట్టుకెళ్లారు. గదికి రెండు తలుపులు. ఒకటి ఇంటి వాకిట్లోకి, అదే యల్లమ్మకు కనపడేది. రెండోది వెనక సందులోకి. వెనక తలుపు గొళ్లెం మీద ఎన్నాళ్లదో దూది పొర పేరుకుని ఉంది, ఒక్క చేతి మేర మాత్రం తుడుచుకుపోయింది. దాన్ని ఈమధ్యే ఎవరో తీశారు.

అంబాదాస్‌ను పిలిచి చూపించాను. నర్సప్ప చంపి అటునుంచి బయటికి పోయి ఉంటాడు, అంతేగా అన్నాడు. తన ఇంట్లో తను తిరగడానికి సందు చుట్టి రావడం ఎందుకన్నాను. ఇలాంటివన్నీ నవలల్లో రాసుకోవడానికి బాగుంటాయని, సాయంత్రం దాకా నా సరదా తీర్చుకోవచ్చని సెలవిచ్చాడు.

ఆట ఆడిన గదిలో దుప్పటి పరిచింది పరిచినట్టే ఉంది. ముక్కలు, అగ్గిపుల్లలు అలాగే పడి ఉన్నాయి. ఎవరెక్కడ కూర్చున్నారో ద్రౌపదిని అడిగాను. ఫ్యాన్ కింద గంగాధర్‌కు చోటు ఇచ్చారట, పెద్దచదువు చదివిన మనిషి కదా అని. మొదటి ఆట అవగానే అతను లేచి, గాలి ఆడని మూలకు జరిగి, సున్నం రాలే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడట. మిగతా ముగ్గురూ కదల్లేదు.

చెమటలు కారే ఎండాకాలంలో ఫ్యాన్ వదులుకుని మూలకు పోయిన మనిషికి వెనక ఎవరూ నిలబడకూడదని ఉండాలి. వెనక నిలబడేది ఎవరు? ఆ ఇంట్లో టీలు, మంచినీళ్లు అందిస్తూ తిరిగింది ఒక్కతే. నేను ద్రౌపది ముఖంలోకి చూశాను. ఆమె కూలబడిపోయింది.

"కంప్యూటర్లనే ఆయన కింగ్ కాకా. ఎదురుంగ కూసుంటె చెమటలు వడ్తయి, ముఖంల అంత కనవడ్తది. దోస్తులు నవ్వుతరేమో అని పది దినాల సంది సరిగ తింటలేడు. నేనే అన్న, చాయ్ ఇచ్చుకుంట వాళ్ల ముక్కలు సూసి చెప్తనని. నోటితోని కాదు, కార్ఖానల చెప్పుకున్నట్టు."

నాకు వివరించాల్సిన పని లేదు. మగ్గాల మోతలో పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని కార్ఖానాల్లో బతికేవాళ్లు గొంతు పెట్టకుండా పెదవులు కదిలించి మాట్లాడుకుంటారు. అవతలి కొసన ఉన్నవాడు చూసి అలాగే జవాబు చెబుతాడు. ఊరి కబుర్లు, తగాదాలు, ప్రేమలు అన్నీ అలాగే నడుస్తాయి. నేనూ మిల్లులో పదిహేనేళ్లు అలా మాట్లాడినవాణ్నే. బయటి ఊరివాళ్లకు అది టీ ఇస్తూ నోట్లో ఏదో నమలడంలా కనపడుతుంది, అంతే.

మిగతాది కూడా చెప్పింది. బాలకిషన్ అరిచాక నర్సప్ప సిగ్గుతో లేచి కార్ఖానాలోకి వెళ్లాడు. కాసేపాగి ఆమె వెనకే వెళ్లింది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్నాయి. అవతలి కొస నుంచి అతను పెదవులతో అన్నాడు, "ఇగ చాలు. దోస్తులను ముంచుడు నాతోని కాదు. పోయి ఒప్పుకుంట." సరిగ్గా అప్పుడే భోంగా మోగింది.

అదీ నర్సప్ప నోరు తెరవకపోవడానికి కారణం. నేను కార్ఖానాలో ఉన్నానని చెబితే ఏం మాట్లాడావని అడుగుతారు. అది చెబితే దొంగాటలో పెళ్లాం చెయ్యి బయటపడుతుంది, ఆమెనూ చౌకీకి ఈడుస్తారు. అందుకని మూగవాడిలా కూర్చుని తన మెడకు తనే ఉరి బిగించుకుంటున్నాడు. ఇలాంటి మొగుళ్ల మీద నాకు జాలి, చిరాకు రెండూ కలుగుతాయి.

పెళ్లాం సాక్ష్యం అంబాదాస్ ఎలాగూ నమ్మడు. మరో సాక్షి కావాలి.

మిగిలిన ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను. శ్రీహరికి ముప్పయ్యేళ్లుంటాయి, మర్యాదస్తుడు. పొద్దుటినుంచి ద్రౌపదికి మంచినీళ్లు ఇస్తున్నదీ, చౌకీకి నర్సప్ప కోసం టిఫిను పంపిందీ అతనే. ఆఫీసుకు ఫోన్ చేయాలని నాలుగుకు చాలా ముందే నాకా దగ్గరి ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లానని చెప్పాడు. గొడవ జరిగిందనీ తెలియదు, తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారట. "నర్సప్ప ఈ పని చేశాడంటే నేను నమ్మను సార్. అతన్ని వదిలేలా చూడండి," అన్నాడు. పొద్దుటినుంచి నాతో మంచిగా మాట్లాడిన మొదటి మనిషి. నాకు నచ్చాడు.

గంగాధర్ గోళ్లు కొరుకుతూ కూర్చున్నాడు. భోంగా మోగినప్పుడు నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నానన్నాడు. నల్లాకు ఎదురుగానే కార్ఖానా తలుపు ఉంది. లోపల ఎవరైనా కనపడ్డారా అంటే చూడలేదన్నాడు. మగ్గాల గురించి తెలుసా అంటే, జన్మలో మొదటిసారి ఇక్కడే చూశానన్నాడు. ఆ మాట అడగకముందే చెప్పినంత తొందరగా చెప్పాడు.

అప్పుడు అంబాదాస్ దగ్గరికి వెళ్లి, సాంచాలు నడుస్తుంటే గోదాంలో అరుపు బయటికి వినపడుతుందా లేదా చూడాలన్నాను. నవ్వి సరేనన్నాడు. ద్రౌపదికి మాత్రం ముందే చెప్పాను, నేనేం చెప్పినా నమ్మొద్దు బిడ్డా, కదలకుండా నిలబడు అని.

ఆమె రెండు సాంచాలు వేసింది. మోతకు నేల అదిరింది. అంబాదాస్, శ్రీహరి, గంగాధర్ నల్లా దగ్గర నిలబడ్డారు. నేను కార్ఖానా లోపలి కొసకు వెళ్లి తలుపు వైపు తిరిగాను. మధ్యలో ఉన్న ద్రౌపదితో మాట్లాడుతున్నట్టుగా, గొంతు లేకుండా, పెదవులతో అన్నాను.

"నర్సప్ప ఒప్పుకున్నడు. నేనే సంపిన అని రాసిచ్చిండట."

అంబాదాస్ సిగరెట్ వెలిగించుకుంటున్నాడు. శ్రీహరి చెవుల్లో వేళ్లు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు, ముఖంలో ఏ మార్పూ లేదు. గంగాధర్ మాత్రం ఒక అడుగు ముందుకు వేశాడు. అతని పెదవులు కదిలాయి.

"అబద్ధం. ఆయన ఈడనే ఉండె."

బయటి మనిషి అయితే అరిచేవాడు. ఇతను గొంతు విప్పలేదు. మగ్గాల మధ్య పుట్టినవాడికి ఆ మోతలో గొంతు పెట్టాలన్న ఆలోచనే రాదు. ఏం చేశాడో తెలిసేసరికి ఆలస్యమైంది. అరచేత్తో నోరు మూసుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

సాంచాలు ఆపించాను. గంగాధర్ మాట మారిపోయింది, పుస్తకాల తెలుగు పోయి మన తెలుగు వచ్చింది. అతనిది వరంగల్ కాదు, భివండీ. లెక్చరర్ కాదు, సాంచాల మీద పన్నెండు గంటల డ్యూటీ చేసే మనిషి. ఫోరంలో మొదటి రోజు సరదాకు లెక్చరర్ అని రాశాడు, అందరూ సార్ అన్నారు. ఆ ఒక్క చోటే తనను ఎవరైనా సార్ అన్నది.

"అక్క ముక్కలు చెప్తుందని మొదటి ఆటకే తెలిసింది. కోపం రాలే. నేను దొంగ సార్‌ని, ఆయన దొంగ కింగ్, ఇద్దరం ఒకటే అనుకున్న. నా ముక్కలు దాచుకున్న, అంతే. నిన్న భోంగా అయితున్నప్పుడు ఆయన ఆ కొసకు ఉండె. దోస్తులను ముంచుడు నాతోని కాదు, పోయి ఒప్పుకుంట అన్నడు. నేను చూసిన."

అంబాదాస్ ముఖం ఎర్రబడింది. ఈ కథ నేను, ద్రౌపది కలిసి అతనికి నేర్పామన్నాడు. నిన్న సాయంత్రం నుంచి నర్సప్ప చౌకీలో ఉన్నాడని, గంగాధర్‌ను తన కానిస్టేబుల్ కళ్లముందు నుంచి కదలనివ్వలేదని నేను గుర్తు చేశాను.

"ఇంట్ల ఫోన్ ఉంది. చౌకీకి కొట్టు. నర్సప్పతోని ఒక్కటే మాట అడుగు, భోంగా అప్పుడు పెండ్లాంతోని ఏమన్నవని. ఈ మాట కాకుంట వేరే మాట చెప్తె నా బోర్డు నేనే పీకేస్త," అన్నాను.

"పీకేస్తరు?"

"నీ జీపులనే తీస్కపో."

ఫోన్ చేశాడు. అవతల నర్సప్ప చాలాసేపు పలకలేదు. నేను రిసీవర్ లాక్కుని, ద్రౌపది అంతా చెప్పేసింది, ఇక దాచడానికి ఏమీ లేదు అన్నాను. అంబాదాస్ మళ్లీ తీసుకుని విన్నాడు. వింటూ ఉండగా అతని భుజాలు కిందికి జారాయి. ఫోన్ పెట్టేసి, నర్సప్ప కూడా అదే మాటన్నాడని చెప్పాడు.

యల్లమ్మ వీపు చూసి పొరపడి ఉంటుందని చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అతనికి పన్ను పీకించుకున్నట్టుగా ఉంది. ఊరు దాటకూడదన్న షరతు మీద నర్సప్పను ఇంటికి పంపమని చౌకీకి మళ్లీ ఫోన్ చేశాడు. ద్రౌపది రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. శ్రీహరి ఆమె భుజం తట్టి, తనే రిక్షాలో వెళ్లి నర్సప్పను తీసుకొస్తానని అప్పటికప్పుడే బయల్దేరాడు. అతని మీద అనుమానం ఏమీ లేదు గనక ఎవరూ ఆపలేదు. అంబాదాస్ గంగాధర్‌ను జీపు ఎక్కించుకుని, అబద్ధపు పేరుపై విచారణ చేయాలని జెయిలు రోడ్డు ఠాణా వైపు వెళ్లాడు.

నేను అరుగు మీద కూర్చుని మోకాలు చాపుకున్నాను. గెలిచాననే సంతోషం ఏమీ లేదు. చంపినవాడు ఎవరో ఇంకా తెలియలేదు. కాకపోతే అది రేపటి పని, జీతం ఇచ్చే సర్కారు మనిషి పని. ద్రౌపది వంటింట్లో పిండి కలుపుతూ, నన్ను తిని వెళ్లమంది. ఒక రాత్రి, ఒక పగలు తర్వాత ఆమె గొంతులో ప్రాణం వచ్చింది. ఆ ఉత్సాహంతోనే లోపలి నుంచి అడిగింది.

"కాకా, పోలీసోళ్లు అంగి వాపస్ ఇస్తరా? మా ఆయనది, నీలం గీతలది. మొన్న దసరాకు కుట్టిచ్చిన. రక్తం మరకలు పోతయో లేదో గాని, అడిగి సూడు."

నర్సప్ప అంగీ పోలీసుల దగ్గర ఎందుకుందని అడిగాను.

ఆమె పిండి చేతులతోనే వచ్చి చెప్పింది. బాలకిషన్ అరుస్తూ లేచినప్పుడు టీ కప్పు తన్నేశాడు. అంగీ అంతా టీ అయింది. కోపం చల్లారుతుందని ఆమే నర్సప్పది ఉతికిన అంగీ తెచ్చి బాలకిషన్‌కు తొడిగించింది. అదే వేసుకుని అతను గోదాంకు పోయాడు. అదే అతని ఒంటి మీద ఉంది చచ్చినప్పుడు.

యల్లమ్మ అబద్ధం చెప్పలేదు. వీపు చూసింది. నర్సప్ప ఒంటి మీద చూసి ఎరిగిన ఆ గీతల అంగీనే చూసింది. లోపలికి పోయింది బాలకిషన్.

వెనక తలుపు గొళ్లెం ముందే లోపలి నుంచి తీసి పెట్టుకుని, సందులోంచి వచ్చినవాడు కూడా మసకలో అదే వీపు చూశాడు.

దెబ్బ నర్సప్పకు పడాల్సింది. అంగీ మారిన సంగతి ద్రౌపదికి తెలుసు, నర్సప్పకు తెలుసు, ఆ గదిలోనే ఉన్న గంగాధర్‌కు తెలుసు. తెలియనిది అప్పటికే బయటికి వెళ్లిన మనిషికి ఒక్కడికే. గొడవ జరిగిందనే నాకు తెలియదని నా ముందు కూర్చుని మర్యాదగా చెప్పిన మనిషికి.

నేను లేచిన వేగానికి ద్రౌపది భయపడింది. ఏమైందని అడిగింది. చెప్పాను, వేరే దారి లేదు.

"ముఖం సుత ఎన్నడు సూడనోనికి మా ఆయన మీద ఏం పగ కాకా?" అంది. పగ సంగతి తర్వాత, ముందు నర్సప్ప దక్కాలి. చౌకీ నంబరు తిప్పాను. మూడుసార్లు తప్పు కలిసింది. నాలుగోసారి కానిస్టేబుల్ ఎత్తి, నర్సప్ప వెళ్లి చాలాసేపయిందన్నాడు. చౌకీ నుంచి కుంఠా నాకాకు రిక్షాలో పది నిమిషాలు పట్టదు.

"ఇంటికి ఫోన్ చేసి చెప్తనన్నడు నర్సప్ప. ఆ పుణే సారే వద్దన్నడు," అన్నాడు కానిస్టేబుల్, తాపీగా. "ద్రౌపది వహినికి చెప్పొద్దు, ఎకదమ్ పోయి ఖుష్ చేద్దాం అని, భుజం మీద చెయ్యేసి తీస్కపోయిండు. మంచి దోస్తు సాహెబ్."